ఖాళీగా తిరిగి రావలసిన గొట్టం

ఆమెను ఇంట్లో అందరూ పోలీసమ్మ అంటారు. అలాగని పోలీసు ఉద్యోగమేమీ కాదు. చిన్నప్పుడు డబ్బాలో చక్కెర తగ్గిందని ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి నాలుకలు బయట పెట్టమందట. ఆ రోజు దొరికిపోయిన దొంగ వాళ్ళ అన్నయ్య. ఆ కసితో అతనే ఈ పేరు పెట్టాడు, అది కాస్తా అతుక్కుపోయింది. పెద్దయ్యాక కూడా ఆమె తీరు మారలేదు. బస్సులో పక్క సీటావిడ పలకరింపుగా నవ్వితే, ముందు తన సంచీ జిప్పు వేసి ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత నవ్వుతుంది.

అలాంటి మనిషిని కూర్చోబెట్టి "ఇది నువ్వే చేశావా?" అని అడిగితే ఎలా ఉంటుంది? ల్యాబులో మేడమ్ సరిగ్గా అదే అడిగింది. అడిగే ముందు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే మాట సూటిగా రాబోతోందని అక్కడ అందరికీ తెలుసు.

"నేనా మేడమ్? నేనెందుకు చేస్తాను?"

"నువ్వు చేశావని అనడం లేదు. అడుగుతున్నాను. గొట్టాలు తగిలించేది నువ్వు, విప్పి తెచ్చేది నువ్వు. మీ అన్నయ్య అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. బ్లాంకు చెడడం ఇది వరసగా రెండోసారి. నా స్థానంలో ఉంటే నువ్వేమనుకుంటావు?"

పోలీసమ్మ ఆవిడ స్థానంలో ఉంటే అడిగేది కూడా కాదు, నేరుగా గేటు చూపించేది. ఆ సంగతి తనకు బాగా తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది.

ఇంతకీ ఈ గొట్టాల గొడవ ఏమిటంటే, ఊరి చివర పెద్ద పెద్ద ట్యాంకులున్న ఫ్యాక్టరీ ఒకటుంది. దాని చుట్టూ కంచె, కంచె బయట అక్కడక్కడా స్తంభాలు. ఒక్కో స్తంభానికి బోర్లించిన ప్లాస్టిక్ గిన్నె లాంటి కప్పు ఉంటుంది. ల్యాబు భాషలో దాని పేరు టోపీ. ఆ టోపీ కింద, వాన తగలకుండా, వేలంత ఉక్కు గొట్టం వేలాడుతుంది. గొట్టం లోపల నల్లటి పొడి. ఒక చివర బిగింపు మూత తీసి జల్లెడ లాంటి చిల్లుల మూత పెడితే, రెండు వారాల పాటు ఆ పొడి గాలిలోని బెంజీన్‌ను పట్టి దాచుకుంటుంది. తర్వాత పోలీసమ్మ వాటిని విప్పి తెస్తే, మేడమ్ మిషన్లో పెట్టి ఎంతుందో చెబుతుంది. బెంజీన్ కంటికి కనిపించేది కాదు, రక్తంతో ఆడుకునే రకం. కంచె అవతల ఎంతుంటే ఫ్యాక్టరీ వాళ్ళ పాపం అంత.

వాటితో పాటు ఒక గొట్టం మాత్రం మూత బిగించే ఉంటుంది. మిగతా గొట్టాలతోనే వెళుతుంది, వాటి పక్కనే వేలాడుతుంది, వాటితోనే తిరిగొస్తుంది, కానీ గాలి పీల్చదు. అదే బ్లాంకు. అది ఖాళీగా తిరిగి రావాలి. ఖాళీగా వస్తే తీసుకెళ్ళడంలో, దాచడంలో ఏ కల్తీ జరగలేదని అర్థం. అందులో ఏదైనా దొరికిందా, మొత్తం బ్యాచ్ చెత్తబుట్టకే. ఎన్ని స్తంభాలున్నా సరే, ఎండలో ఎంత తిరిగినా సరే.

"మూడోసారి కూడా ఇలాగే అయితే ఈ పని మన చేతిలోంచి పోతుంది" అంది మేడమ్. "కొలిచే పని ఇకమీదట మేమే చూసుకుంటామని ఫ్యాక్టరీ వాళ్ళు అప్పుడే అడుగుతున్నారు. వాళ్ళ గాలి వాళ్ళే కొలుచుకుంటే లెక్క ఎలా వస్తుందో నీకు చెప్పక్కర్లేదు. నీ ఉద్యోగం సంగతి సరేసరి."

"ఎవరో పెట్రోలు గుడ్డ చూపించి ఉంటారు మేడమ్."

"పెట్రోలు కాదు. పెట్రోలైతే దాని వెంట ఇంకా చాలా సరుకు వస్తుంది. ఇందులో ఉన్నది అచ్చం మీ కంచె గాలే. కాకపోతే..." ఆవిడ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్ వైపు చూసింది. "నాకు అర్థం కానిది ఇదే. మూత ఉన్న గొట్టంలో, దాని పక్కనే మూత లేకుండా వేలాడిన గొట్టంలో కంటే ఎక్కువ ఉంది."

పోలీసమ్మకు మాత్రం ఠక్కున అర్థమైపోయింది. కంచె దగ్గర కంటే ఎక్కువ బెంజీన్ ఉండే చోటు ఏది? కంచెకు లోపల. అంటే ఎవరో బ్లాంకును విప్పి, ఫ్యాక్టరీ లోపలికి పట్టుకెళ్ళి, మూత తీసి గాలికి పెట్టి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు తెచ్చి తగిలిస్తున్నారు. నిండిన గొట్టాల జోలికి పోనక్కర్లేదు. ఖాళీదాన్ని చెడగొడితే చాలు. తెలివంటే అదీ! ఎవడో బాగా లోతు తెలిసినవాడు.

మొదట ఆమె కన్ను ల్యాబు బండి డ్రైవరు మీద పడింది. డ్రైవరు మంచివాడే, కానీ ఒంటికి సెంటు కొట్టుకుని వస్తాడు. గొట్టాలు మోసే బండిలో సెంటు ఏమిటి? తను ఈ ఉద్యోగంలో చేరాక చేతులకు క్రీము మానేసింది, గోళ్ళ రంగు మానేసింది, బండిలో పెట్రోలు కూడా ముందు రోజే పోయిస్తుంది. మర్నాడు ఉదయం డ్రైవరును బండి దింపి, చొక్కా కాలరు దగ్గరకు ముక్కు తీసుకెళ్ళి వాసన చూసింది. డ్రైవరు బిక్కచచ్చిపోయాడు.

"అమ్మా, దారిన పోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. రేపటి నుంచి సెంటు కొట్టుకొస్తే నడిచి రావాలి."

"మా ఆవిడ ఇష్టపడి కొన్నదమ్మా."

"అయితే ఇంటికెళ్ళాక కొట్టుకో. ఆవిడకూ సుఖం, నాకూ సుఖం."

డ్రైవరును అక్కడితో వదిలేసింది. అతనికి ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళే దారి లేదు. దారి ఉన్నవాడు సేఫ్టీ ఆఫీసరు.

గొట్టాలు మార్చినప్పుడల్లా సేఫ్టీ ఆఫీసరు ఆమె వెంట కంచె పొడుగునా నడుస్తాడు, అది ఫ్యాక్టరీ నియమం. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. ఎండగా ఉంటే గొడుగు పట్టబోతాడు, గోతి వస్తే "జాగ్రత్తండీ" అంటాడు, చివర్లో టీ తాగి వెళ్ళమంటాడు. ఇంత మర్యాద ఊరికే వస్తుందా అని ఆమెకు మొదటి రోజు నుంచీ అనుమానమే. తిట్టేవాడినైనా నమ్మవచ్చు, మనసులో ఏముందో బయట పడుతుంది. ఈయన మనసులో ఏముందో ఈయన చొక్కాకు కూడా తెలియదు.

మూడో బ్యాచ్ తగిలించే రోజు ఆయన మరీ తియ్యగా ఉన్నాడు. "పోయినసారి లెక్క మళ్ళీ తేలలేదటగా? పాపం, మీ కష్టమంతా వృథా."

"మీకెవరు చెప్పారు?"

"అలాంటివి తెలుస్తాయండీ."

ఆమె పళ్ళు కొరుక్కుంది. స్తంభం తర్వాత స్తంభం, చేతి తొడుగులు మార్చుకుంటూ, ఒక్కో గొట్టానికి మూత తీసి చిల్లుల మూత పెట్టి తగిలించుకుంటూ పోయింది. కంచెకు అవతల ట్యాంకుల నిచ్చెనలు ఎండకు మెరుస్తున్నాయి. ఎక్కడో ఆవిరి బుస్సుమంటోంది. గాలిలో తియ్యగా, ముక్కు లోపల గీరినట్టుండే వాసన. కొత్తవాళ్ళకు వెంటనే తెలుస్తుంది, అలవాటైనవాళ్ళకు తెలియదు. తనకు తెలియడం మానేసి చాలాకాలమైందని ఆమెకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

చివరి స్తంభం ఇళ్ళ వరస వెనకాల సందులో ఉంది. అక్కడికొచ్చేసరికి సేఫ్టీ ఆఫీసరుకు ఫోనొచ్చి అటు తిరిగాడు. బ్లాంకు తగిలించేది ఎప్పుడూ ఈ స్తంభానికే. ఆ చోటు ఎంచుకున్నది పోలీసమ్మే. ఎందుకంటే, సందుకు ఇటు పక్కన స్తంభం, అటు పక్కన వాళ్ళ అన్నయ్య ఇంటి పెరటి గుమ్మం, దాని పక్కనే వంటింటి కిటికీ. వదిన రోజంతా ఆ కిటికీ దగ్గరే ఉంటుంది. ఈ భూమ్మీద పోలీసమ్మ అనుమానించని మనిషంటూ ఉంటే ఆ వదిన ఒక్కతే. తల్లి పోయిన ఏడాదే కోడలుగా వచ్చి, బడికెళ్ళే ఆడపడుచుకు తల దువ్వి, జడలు వేసి, జ్వరమొస్తే పక్కన పడుకున్న మనిషి. "వదినా, దాని మీద ఓ కన్నేసి ఉంచు" అని చెప్పింది కూడా.

సేఫ్టీ ఆఫీసరు ఇటు తిరిగేలోపు ఆమె తన తలలోంచి పొడుగాటి వెంట్రుక ఒకటి లాగి, బ్లాంకు మెడకూ టోపీ లోపలి కొక్కేనికీ కలిపి ముడివేసింది. ఈ మధ్య దువ్వెన నిండా ఊడి వస్తున్నాయి, ఒక్కటైనా ఉపయోగపడితే అదే పదివేలు. ఎవడైనా గొట్టం ముట్టుకున్నాడో, వెంట్రుక తెగుతుంది. దొంగకు వెంట్రుక కనిపించదు, తనకు కనిపిస్తుంది.

"టీ తాగి వెళ్ళండి" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

"మా వదిన ఇస్తుంది లెండి" అని పెరటి గుమ్మం తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. వదిన తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. కడగడం అయ్యాక ఉండచుట్టిన గుడ్డ ఒకటి తొట్టి రంధ్రంలో కుక్కి, అరచేత్తో నొక్కింది.

"అదేంటి వదినా?"

"తూములోంచి వాసన పైకి తంతోంది అమ్మాయ్. మా కాలవ పోయి ఫ్యాక్టరీ కాలవలోనే కదా కలుస్తుంది. చెయ్యి కడుక్కుని రా, ఎండకు మొహం వాడిపోయింది."

కిటికీ కింద మడత బల్ల మీద మేనకోడలు పుస్తకం మీద తల వాల్చి పడుకుని ఉంది. వంటింట్లో దాని బల్లేమిటంటే, ఆ ఒక్క కిటికీ లోంచే కాస్త గాలి వస్తుంది. రాత్రుళ్ళు చాప కూడా అక్కడే పరుచుకుంటుంది. పిల్లకు తలనొప్పులని కళ్ళ డాక్టరుకు చూపించారు. కళ్ళద్దాలు వచ్చాయి, తలనొప్పి పోలేదు.

"ఏమే బుజ్జీ, బడి లేదా?"

"తలనొప్పత్తా" అంది పిల్ల కళ్ళు తెరవకుండానే.

"చదవమంటే దానికి తలనొప్పి, ఆడుకోమంటే నాకు తలనొప్పి" అంది వదిన. నవ్వుతూనే అంది కానీ వెళ్ళి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

అన్నయ్య ముద్ద కలుపుతూ తల ఎత్తకుండా అడిగాడు. "ఈసారైనా లెక్క తేలుతుందా?"

"ఎందుకు, తేలకూడదా?"

"నేనేమన్నానే? ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు అన్నయ్యా. చక్కెర తిన్నప్పుడు కూడా 'డబ్బాలో ఎంతుంది' అని ఊరికే అడిగావు."

"ఇంకా ఆ చక్కెర గోలేనా? అది కాదు. లెక్క పెరిగితే రెండో యూనిట్ ఆపేస్తారని లోపల అనుకుంటున్నారు. ఆపితే ముందు పోయేది మేం కాంట్రాక్టు వాళ్ళమేగా."

పోలీసమ్మ కంచం ముందు కూర్చుంది కానీ కూర రుచి తెలియలేదు. కళ్ళు ఊరికే ఉండవుగా, కిటికీ గట్టు మీద చెంచాల మధ్య ఉన్న చిన్న రెంచీ మీద పడ్డాయి. గొట్టం మూతకు సరిగ్గా సరిపోయే రెంచీ.

"ఇది వంటింట్లో ఎందుకుంది?"

"గ్యాసు పైపు వదులవుతోంటే బిగించుకుందామని" అంది వదిన. "మీ అన్నయ్య సంచీలోంచి తీసి పెట్టుకున్నా. ఇంకాస్త కూర వేసుకో."

అన్నయ్య రెంచీ వైపు చూడకుండా చెయ్యి కడుక్కుని లేచాడు. అది పోలీసమ్మ గుండెలో ముల్లులా దిగింది.

ఆ తర్వాతి రోజులు ఆమెకు నిద్ర లేదు. సేఫ్టీ ఆఫీసరును అనుమానించడంలో ఒక సుఖముంది, మనసారా తిట్టుకోవచ్చు. అన్నయ్యను అనుమానించడంలో ఏ సుఖమూ లేదు. సైకిలు ముందు కడ్డీ మీద తుండుగుడ్డ చుట్టి, దాని మీద తనను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన అన్నయ్య. లోపలికి వెళ్ళే దారి అతనికుంది. రెంచీ అతనిది. భయమూ అతనిదే. పైగా పెరటి గుమ్మం దాటితే స్తంభం. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అన్నీ వచ్చి అతని దగ్గరే ఆగుతున్నాయి. ఒకసారి ఫోను చేసి అడిగేద్దామనుకుంది. అడిగితే అవునంటాడేమోనని భయమేసి ఫోను పక్కన పడేసింది.

చివరికి ఆగలేక, రెండు వారాల్లో సగం కూడా గడవకముందే, సెలవు పెట్టి బస్సెక్కింది. బండి లేదు, డ్రైవరు లేడు, గేటు దగ్గర చెప్పలేదు. మధ్యాహ్నపు ఎండలో సందు ఖాళీగా ఉంది. స్తంభం దగ్గరకు వెళ్ళి టోపీ కిందకు వంగి చూసింది.

తెరిచిన గొట్టం దాని చోట్లో అది ఉంది. పక్కన కొక్కెం ఖాళీగా ఉంది. బ్లాంకూ లేదు, వెంట్రుకా లేదు.

కంచెకు అవతల ట్యాంకుల వైపు చూసింది. ఈ వేళకు అన్నయ్య డ్యూటీలో ఉంటాడు. ఇప్పుడు ఆ గొట్టం అక్కడే ఎక్కడో మూత తెరుచుకుని ఉంటుంది, ఏ పైపు పక్కనో, ఏ పంపు దగ్గరో. మేడమ్‌కు చెప్పక తప్పదు. చెబితే అన్నయ్య బతుకు పోతుంది, చెప్పకపోతే తనది పోతుంది, ఈ ఇళ్ళ వరసలో వాళ్ళందరూ ఏం పీలుస్తున్నారో ఇంకెప్పటికీ తేలదు. దొంగను పట్టుకున్నాననే ఆనందం ఇసుమంతైనా లేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికి ఆమెకున్న చోటు ఒక్కటే.

"వదినా!" అంటూ పెరటి గుమ్మం తోసింది.

వంటింట్లో ఎవరూ లేరు. పిల్ల బడికి వెళ్ళినట్టుంది, బల్ల మీద పుస్తకాలు లేవు. కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు, అందులో నాలుగు చెంచాలు, చెంచాల మధ్య నిటారుగా ఉక్కు గొట్టం. పై మూత తీసి ఉంది. మూత గ్లాసు పక్కనే బోర్లించి ఉంది. ఆ పక్కన రెంచీ, రెంచీ పిడికి పద్ధతిగా చుట్టిపెట్టిన పొడుగాటి వెంట్రుక.

మేడ మీద ఆరిన బట్టలు చేత్తో పట్టుకుని వదిన మెట్లు దిగి వచ్చింది. ఆడపడుచును చూసింది, గ్లాసును చూసింది. ఎప్పుడొచ్చావని అడగలేదు. బట్టలు బల్ల మీద పడేసింది.

"టీ పెట్టనా?"

"అన్నయ్య ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నాడు ఇది?"

"మీ అన్నయ్యా?" వదిన పెదవి విరిచింది. "ఇంట్లో పంపు కారుతుంటే ఎటు తిప్పాలో తెలియదు ఆ మహానుభావుడికి. నేనే."

"నువ్వు?"

"నేనే అమ్మాయ్. మొదటిసారీ నేనే, రెండోసారీ నేనే. నువ్వు తగిలించి వెళ్ళిన సాయంత్రమే తెస్తాను, నువ్వొచ్చే ముందు రోజు బిగించి పెట్టేస్తాను. నీ వెంట్రుక కూడా చూశాను. అంత పొడుగు నీకు తప్ప ఎవరికుంది? ఎన్నేళ్ళు దువ్వాను ఆ తలని. మళ్ళీ కట్టేద్దామనే దాచిపెట్టాను."

పోలీసమ్మకు కోపం తన్నుకొచ్చింది. "నీకసలు దీని సంగతి ఎవరు చెప్పారు? బ్లాంకు చెడితే అన్నీ పోతాయని నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావు. ఇదిగో ఇక్కడే కూర్చుని, ఎండకు కందగడ్డలా ఎర్రబడి, 'ఆ ఒక్కటీ చెడితే మొత్తం చెత్తబుట్టే వదినా, దాన్ని కనిపెట్టుకుని ఉండు' అని గొప్పగా చెప్పావు."

నిజమే. చెప్పింది. ఊరంతటినీ అనుమానించి, పెట్టె తాళం తీసుకెళ్ళి నమ్మకంగా ఈ చేతుల్లో పెట్టింది.

"ఎందుకు వదినా?"

"ఎందుకేంటి?" వదిన బల్ల మీది చొక్కా ఒకటి మడత పెట్టబోయి వదిలేసింది. "ఆ సేఫ్టీ ఆయన మీ అన్నయ్య వాళ్ళందరినీ పిలిచి చెప్పాడట. తిట్టలేదు, అరవలేదు, ఎంతో మర్యాదగా చెప్పాడట. కంచె లెక్క ఎక్కువ వస్తే యూనిట్ మూస్తాం, మీ ఇళ్ళలో వాళ్ళకు కూడా చెప్పుకోండి అని. మీ అన్నయ్య రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఈ వయసులో ఆయన్నెవరు తీసుకుంటారు? నేను నీకు అన్యాయం చేస్తున్నానని నాకు తెలుసు. నీకింకో ల్యాబు దొరుకుతుంది, మీ అన్నయ్యకు ఇంకో ఫ్యాక్టరీ దొరకదు అనుకున్నా. అంతే అనుకున్నా."

"ఫ్యాక్టరీ లోపలికి ఎవరు పట్టుకెళ్ళారు మరి? గేటు దగ్గర ఎవరు?"

"లోపలికేంటి?"

"గొట్టం. లోపలికి తీసుకెళ్ళి తెరిచిందెవరు?"

వదిన అయోమయంగా చూసింది. "ఎవరూ ఎక్కడికీ పట్టుకెళ్ళలేదు. నేనేమీ పొయ్యలేదు కూడా. నీ సామాను పాడవుతుందని పెట్రోలు గిట్రోలు ముట్టించలేదు. మూత తీసి ఇదిగో ఈ గ్లాసులో పెట్టాను, అంతే. ఇంట్లో గాలి తగిలితే చాలు కదా, చెడిందని రాసేస్తారు అనుకున్నా. మూడుసార్లూ ఈ కిటికీలోనే ఉంది."

పోలీసమ్మ చూపు గ్లాసు మీద నుంచి కిందకు దిగింది. గ్లాసు కింద గట్టు, గట్టు కింద మడత బల్ల. బల్ల మీద పెన్సిలుతో గీసిన పువ్వులు. బల్ల పక్కన చుట్టిపెట్టిన చాప. దానికి రెండడుగుల్లో తొట్టి, తొట్టి రంధ్రంలో గుడ్డ ఉండ. మేడమ్ మాట చెవిలో మోగింది, అచ్చం మీ కంచె గాలే, కాకపోతే ఎక్కువ.

ఆమె పిల్ల కూర్చునే ముక్కాలి పీట మీద కూలబడింది.

"ఏమైందే?" వదిన దగ్గరకొచ్చింది. "మొహం అలా అయిపోయిందేం? అంత పెద్ద తప్పా? ఏమంటారు మీ మేడమ్? చెప్పవే."

పోలీసమ్మ గ్లాసు వైపు వేలు చూపించింది. "బయట స్తంభానికి వేలాడిన గొట్టంలో కంటే, నువ్వు తెచ్చిన గొట్టంలో ఎక్కువ వచ్చింది వదినా. రెండుసార్లూ."

"దేంట్లో?"

"ఇక్కడ పెట్టినదాంట్లో."

వదిన ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గ్లాసు వైపు. తర్వాత చుట్టిపెట్టిన చాప వైపు. అర్థం కావడానికి పట్టిన ఆ కాసేపూ పోలీసమ్మ తల దించుకునే ఉంది, చూడలేకపోయింది.

"పొయ్యి వల్లేమో?" అంది వదిన.

"పొయ్యి వల్ల అయితే వేరేలా కనిపిస్తుంది. ఇది ట్యాంకుల్లో సరుకే. కంచె దగ్గర గాలి వీస్తుంది, వచ్చింది వచ్చినట్టు పోతుంది. ఇక్కడ..." ఆమె తొట్టి వైపు చూపించింది. "తూములోంచి కూడా వస్తున్నట్టుంది. వచ్చింది గదిలోనే ఉండిపోతోంది."

"గుడ్డ కుక్కుతున్నాగా?"

పోలీసమ్మ తల అడ్డంగా ఊపింది.

"కిటికీ మూసేస్తే తగ్గుతుందా?" వదిన వెంటనే వెళ్ళి కిటికీ రెక్క లాగింది. మళ్ళీ తనే తెరిచింది. "తెరిస్తే తగ్గుతుందా? ఏదో ఒకటి చెప్పవే! ఊళ్ళో గాలంతా కొలుస్తావుగా!"

ఏది చెప్పినా అబద్ధమే అవుతుంది. పోలీసమ్మ ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. వదిన వైపు చూసింది. "చెబితే అన్నయ్యకు కష్టమవుతుంది. నీ మీదా రావచ్చు."

"చెప్పు" అంది వదిన. "నేనే చేశానని చెప్పు."

మేడమ్ ఫోనెత్తింది. పోలీసమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, వదినని, వంటిల్లని, గ్లాసని. తిడుతుందని, పోలీసులని అంటుందని, నేను అప్పుడే అనుకున్నానని అంటుందని ఎదురు చూసింది. మేడమ్ అవేమీ అనలేదు.

"ఆ గదిలో ఎవరైనా పడుకుంటారా?" అని అడిగింది.

ఫోను స్పీకరులో ఉంది. ఆ మాట వదిన కూడా విన్నది.

"నా మేనకోడలు మేడమ్. చిన్నపిల్ల."

"ఆ గొట్టాన్ని మూత బిగించి జాగ్రత్తగా పట్టుకురా. ఎప్పుడు తెరిచారో ఆవిణ్ణి అడిగి తెలుసుకో. పాత రెండింటి లెక్కలు కూడా బయటికి తీస్తాను. వాటిని ఇంక బ్లాంకులు అనొద్దు. నీ సంగతి తర్వాత మాట్లాడదాం." ఒక్క క్షణం ఆగి, "ముందు ఆ పిల్లను అక్కణ్ణించి మార్చమను" అని పెట్టేసింది.

పోలీసమ్మ చేతి తొడుగులు వేసుకుని గొట్టానికి మూత బిగించింది. రెంచీ పిడికి చుట్టిన తన వెంట్రుక చేతికి అడ్డం పడితే తీసి పక్కన పెట్టింది. సేఫ్టీ ఆఫీసరు మీద కోపం, అన్నయ్యను అనుమానించినందుకు సిగ్గు, వదిన మీద ఏమనాలో తెలియని బాధ, అన్నీ ఒక్కసారే ముసురుకున్నాయి. ఎవరిని అనుమానించాలో తెలియని రోజు ఆమె జీవితంలో ఇదే మొదటిది.

వెనకాల చప్పుడైంది. వదిన బల్ల మీది బట్టలు కింద పడేసి, కాళ్ళు మడవకుండానే బల్లను ఎత్తుకుంది. ముందు గదిలోకి తీసుకెళ్ళి గోడ వారగా పెట్టింది. అక్కడి నుంచి వంటింటి గుమ్మం వైపు చూసి, మళ్ళీ ఎత్తుకుంది. వాకిట్లోకి తీసుకెళ్ళింది. వాకిట్లో నిలబడి, ఇన్నేళ్ళుగా తనకు తెలియడం మానేసిన ఆ తియ్యటి వాసన కోసం గట్టిగా గాలి పీల్చి చూసింది. బల్ల దించలేదు.

పిల్ల బడి నుంచి వచ్చే వేళయింది. పోలీసమ్మ గొట్టాన్ని సంచీలో పెట్టి బయటకు పరుగెత్తింది, రెండో వైపు పట్టుకుంది.

"దీన్ని ఎక్కడ పెట్టను?" అంది వదిన.

ఇద్దరూ బల్లను అలాగే పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు.